తెలుగు తెర మీద దయ్యము: నిన్న, నేడు, రేపు

దిండి మా ఊరు. అంతర్వేది వద్ద సముద్రములో కలియుటకు ముందు వసిష్ఠ గోదావరి మా ఊరిని ఒరసికొని పోతుంది. పగటిపూట ఇక్కడ కొబ్బరితోటల నీడ, యాత్రికులను త్రిప్పే పడవ ఇండ్లు, ఏటిపై చించినాడ వంతెన కనిపిస్తవి. రాత్రి పది దాటిన తరువాత ఇదే తోట వేరొక లోకము. ఎండిన కొబ్బరిమట్ట ఒకటి దబ్బున రాలితే, అది కొబ్బరిమట్టయే అని తెలిసినవాని గుండె కూడ ఒక్కసారి ఝల్లుమంటుంది.

మా వీధిలో ఇంటర్మీడియట్ చదువుచున్న కుర్రవాడొకడు మిత్రులతో రెండవ ఆట దయ్యాల సినిమా చూచి వచ్చినాడు. మరునాడు ఉదయము కనబడితే, "ఏమిరా అబ్బాయీ, భయము వేసినదా?" అని అడిగినాను.

"ఆయ్, వేసిందండి మాస్టారూ. కళ్ళు మూసుకున్నా తగ్గలేదండి. చెవులు మూసుకుంటే తగ్గిపోయిందండి. ఎందుకంటారు?" అన్నాడు.

మంచి ప్రశ్న వేసినాడని సంతోషించినాను. కాని పోతూ పోతూ వాడు మరొక మాట చెప్పినాడు. మా వీధి చివర ఒంటరిగా ఉండి కొబ్బరి ఈనెల చీపుళ్ళు కట్టి అమ్ముకొనే ముసలమ్మ ఒకామె ఉన్నది. "ఆ చీపుళ్ళ మామ్మగారికి చేతబడి వచ్చంటండి. మావాళ్ళు ఆవిడ దగ్గర కొనడం మానేశారండి" అన్నాడు.

మొదటి మాట భౌతికశాస్త్ర ప్రశ్న. రెండవది అంతకన్న బరువైనది. ఈ రెంటికీ సంబంధమున్నదని నాకు తోచినది. దానిని తెలిసికొనుటకు తెలుగు తెర మీద దయ్యము నడచి వచ్చిన దారిని ఒకసారి చూడవలెను.

సినిమాకు పూర్వము

భయమును కళగా మలచుట సినిమాతో పుట్టిన విద్య కాదు. భరతుని నాట్యశాస్త్రము చెప్పిన ఎనిమిది రసములలో భయానకము ఒకటి. దానికి రంగు నలుపు, అధిదేవత కాలుడు. ఆ రసము ఏయే కారణములవలన పుట్టునో భరతుడు ఒక పట్టిక ఇచ్చినాడు. వికృతమైన ధ్వని, భూతాదుల దర్శనము, నక్కల గుడ్లగూబల వలని జడుపు, పాడుబడిన ఇల్లు, అడవి మొదలైనవి అందులో ఉన్నవి. ఈ పట్టికలో ధ్వని మొదట వచ్చి, దర్శనము దాని తరువాత వచ్చుట గమనింపదగినది.

ఐరోపాలో 1798 నుండి రాబర్ట్‌సన్ అనునతడు పారిస్ నగరములో దయ్యాల ప్రదర్శనలు నడపినాడు. ఇతడు భౌతికశాస్త్రము అభ్యసించినవాడు. బొమ్మలను తెరపై చూపే లాంతరును చక్రముల బండిపై ఉంచి, పలుచని తెర వెనుక దానిని తెరకు దూరముగా వెనుకకు లాగేవాడు. తెరపై దయ్యము పెద్దదగుచు ప్రేక్షకుల మీదికి దూకునట్లు కనబడేది. ఇంతటితో ఊరకొనక, అతడు చీకటిలో గాజుపాత్రల అంచులను రాచి పలికించే హార్మోనికా అను వాద్యమును కూడ వాయింపించినాడు. ఆనాడే దయ్యమునకు చూపుతోపాటు ధ్వని కూడ అవసరమయినది.

1862లో లండనులోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో పెప్పర్ అను ఆచార్యుడు వేదికపై వాలుగా పెద్ద గాజుపలక నిలిపి, ప్రేక్షకులకు కనబడని చోట నిలుచున్న నటుని ప్రతిబింబమును దానిలో చూపినాడు. ప్రతిబింబము గాజు వెనుక నిలిచినట్లు కనబడుటచేత, వేదికపై నటుడు దాని గుండా కత్తిని దూయగలిగేవాడు. ఉన్నత పాఠశాలలో మనము చెప్పే కాంతి పరావర్తనమే ఇందలి రహస్యము. 1896లో ఫ్రాన్సుదేశీయుడు మెలియే, కెమెరాను ఆపి మనిషిని మార్చి మరల త్రిప్పుట అను ఉపాయముతో, గబ్బిలము దయ్యముగా మారే చిన్న చిత్రమును తీసినాడు. ప్రపంచములోని తొలి భయానక చిత్రముగా దీనినే చాలమంది పేర్కొంటారు.

అద్భుతము నుండి అనుమానమునకు

తెలుగు తెరపై దయ్యము మొదట భయపెట్టుటకన్న ఆశ్చర్యపరచుటకే ఎక్కువగా వచ్చినది. 1957 నాటి 'మాయాబజార్' లో మార్కస్ బార్‌ట్లీ కెమెరా చూపిన మాయలు నేటికీ చెప్పుకొంటాము. బి. విఠలాచార్య చిత్రములలో అస్థిపంజరములు నాట్యమాడినవి, దయ్యములు చేయి చాపితే అది గది దాటి పోయినది. ఆయన తీసిన 'జగన్మోహిని' (1978) లో దయ్యమే కథానాయికతో సమానమైన పాత్ర. ఒకే ఫిల్ముపై రెండు మార్లు చిత్రించుట, కెమెరాను ఆపి నడపుట, నల్లని తెర ముందు నల్లని దుస్తులు తొడిగి దేహములో కొంత భాగమును మరుగుపరచుట వంటివి ఆనాటి సాధనములు. పిల్లలు జడిసికొన్నా, ఇంటికి వచ్చి "ఎట్లా తీసినారు?" అని అడిగేవారు. ఆ ప్రశ్న విజ్ఞానమునకు మంచి తలుపు.

ఆ రోజులలోనే మరొక రకము వచ్చినది. 1964 నాటి హిందీ చిత్రము 'వో కౌన్ థీ' ఆధారముగా 1966లో 'ఆమె ఎవరు?' అను తెలుగు చిత్రము వచ్చినది. వానలో, చీకటిలో తెల్లచీర కట్టిన స్త్రీ కనబడుతుంది, పాట వినబడుతుంది. చివరకు ఇదంతయు ఆస్తి కొరకు మనుష్యులు పన్నిన కుట్రయని తేలుతుంది. దయ్యము పోయి మోసము మిగులుతుంది. ప్రేక్షకుడు అనుమానించుట నేర్చుకొని బయటకు వస్తాడు.

1993లో మలయాళమున ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు' మూడవ సమాధానము చెప్పినది. అందులో దయ్యము లేదు, మోసమూ లేదు. ఒక స్త్రీ మనస్సులోని బాధయే మరొకతె రూపము దాల్చినదని వైద్యుడు వివరిస్తాడు. ఆ కథయే తమిళమున 2005లో 'చంద్రముఖి' యై, తెలుగులోనికి అనువాదమై మన పల్లెలకు వచ్చినది. సినిమా చూపే మానసిక వైద్యము పాఠ్యపుస్తకమునకు సరిపోదు. అయినను, పూనకము వచ్చినవారిని కొట్టక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెనను భావమును అది లక్షలమంది ముందు ఉంచినది.

మంత్రము, గ్రాఫిక్సు, నవ్వు

1980 దశకపు తొలినాళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవల వారపత్రికలో వస్తూ ఉండగా తెలుగు ఇండ్లలో చేతబడి మరల చర్చకు వచ్చినది. ఆ నవలలో వైద్యుడు, మాంత్రికుడు పక్కపక్కన నిలుస్తారు. తరువాతి చిత్రములకు ఈ జంట ఒక అచ్చు అయినది.

రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992), 'దెయ్యం' (1996) చిత్రములలో దయ్యము చాలసేపు కనబడదు. ఒక మామూలు ఇల్లు, ఆ ఇంటిలో నెమ్మదిగా కదిలే కెమెరా, ఎక్కడనో చిన్న చప్పుడు. విఠలాచార్య దయ్యమును చూపి మెప్పించగా, వర్మ దానిని చూపక జడిపించినాడు. ఈ మార్పు తెలుగు భయానక చిత్రములలో పెద్ద మలుపు.

దీనికి సమాంతరముగా కోడి రామకృష్ణ దర్శకత్వమున 'అమ్మోరు' (1995), 'అరుంధతి' (2009) వచ్చి కంప్యూటరు గ్రాఫిక్సుల శక్తిని చూపినవి. కాని 'అరుంధతి' చూచినవారిని అడిగి చూడండి. పశుపతి పాత్రలో సోనూ సూద్ రూపము ఎంత జ్ఞాపకమున్నదో, దానికి పి. రవిశంకర్ ఇచ్చిన గొంతు అంతకు తక్కువ కాకుండ జ్ఞాపకమున్నదని చెప్తారు.

తరువాతి దశకము నవ్వులది. 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014), 'రాజు గారి గది' (2015) వరుసగా వచ్చినవి. చిన్న ఖర్చుతో ఒక ఇల్లు, నలుగురు హాస్యనటులు, ఒక దయ్యము ఉంటే సినిమా తయారయ్యేది. 'ఆనందో బ్రహ్మ' (2017) లో దయ్యములే మనుష్యులను చూచి జడుస్తవి. ఏ పద్ధతి అయినా పరిహాసమునకు లోనైనదంటే దాని కాలము తీరవచ్చినదని అర్థము. ప్రేక్షకుడు నవ్విన చోట మరల భయపడడు. చిత్ర నిర్మాతలు క్రొత్త భయమును వెదుక్కొనవలసి వచ్చినది.

నేటి స్థితి

వారు దానిని పల్లెలో వెదికినారు. 'మా ఊరి పొలిమేర' (2021), దాని రెండవ భాగము (2023), 'విరూపాక్ష' (2023), 'మంగళవారం' (2023) అన్నీ ఊరి కథలే. పాడుబడిన బంగళా స్థానములో పొలిమేర, గుడి, జాతర వచ్చినవి. 'మసూద' (2022) నగరములోని సామాన్యమైన అద్దె ఇంటిని తీసికొని, తొందరపడక, నిశ్శబ్దమును పెంచి జడిపించినది. ఇవి పెద్ద నటుల పేర్లకన్న కథా నిర్మాణము మీద, అంతకన్న ఎక్కువగా ధ్వని మీద ఆధారపడినవి.

2025లో ఈ పోకడ మరింత స్పష్టమైనది. ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చిన 'శబ్దం' లో కథావస్తువే ధ్వని. సెప్టెంబరులో వచ్చిన 'కిష్కింధపురి' లో మూతపడిన రేడియో కేంద్రము నుండి వచ్చే గొంతు మనుష్యులను వెంటాడుతుంది. దయ్యము కంటిని విడిచి పూర్తిగా చెవిలో కాపురము పెట్టినదన్నమాట.

ఇది మన పల్లెలకు క్రొత్త కాదు. రాత్రి వేళ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడవసారి వరకు పలుకరాదని మా మామ్మ చెప్పేది. తెలిసిన గొంతుతో దయ్యము తలుపు వద్దకు వచ్చి పిలుస్తుందనే వదంతి పుట్టి, తెలుగు పల్లెలలో ఇంటింటి తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసిన రోజులను నడివయస్సువారు ఎరుగుదురు. కన్నడ దేశములోను ఇటువంటి వ్రాత ఉండెను. 2018లో హిందీలో వచ్చిన 'స్త్రీ' ఈ నమ్మకమునే నవ్వుతో కలిపి దేశమంతటికీ చూపినది.

చెవి ఎందుకు ముందు జడుస్తుంది?

ఇప్పుడు ఆ కుర్రవాని ప్రశ్నకు వత్తము. కన్నుకు రెప్ప ఉన్నది, చెవికి లేదు. కన్ను ముందున్నదానినే చూస్తుంది. చెవి వెనుకనున్నదానిని, గోడ అవతల ఉన్నదానిని కూడ వింటుంది. నిద్రలో సైతము అది పూర్తిగా మూతపడదు. అడవిలో బ్రతికిన మన పూర్వులకు ఇది కావలి కుక్క వంటిది.

వేగములోను చెవిదే పైచేయి. మెరుపు చూచి మీట నొక్కుటకు మనిషికి సుమారు సెకనులో ఐదవ వంతు కాలము పట్టుతుంది. శబ్దము విని నొక్కుటకు అంతకన్న కొంచెము తక్కువ చాలును. హఠాత్తుగా పెద్ద చప్పుడైనప్పుడు కలిగే ఉలికిపాటు ఇంకను త్వరితమైనది. అది మెదడు మూలములోని నాడుల పని. ఆలోచన మేలుకొనక ముందే కన్నురెప్ప వాలుతుంది, మెడ ముడుచుకొంటుంది. భయమునకు సంబంధించిన అమిగ్డాల అను బాదంగింజ వంటి భాగము కూడ, వివరములు పూర్తిగా అందక ముందే హెచ్చరిక మ్రోగింపగలదు. ఇది సినిమా అని మనకు తెలిసియే ఉన్నది. కాని ఆ సంగతి తెలిసిన భాగము కొంచెము ఆలస్యముగా వస్తుంది.

ఇక ఎటువంటి ధ్వని? ఉడుత జాతికి చెందిన మర్మట్ అను జంతువు పిల్లలను పట్టుకొన్నప్పుడు అవి వేసే కీచుకేకలను అమెరికాలో బ్లూమ్‌స్టీన్ అను జీవశాస్త్రజ్ఞుడు పరిశీలించినాడు. గొంతును దాని శక్తికి మించి వాడినప్పుడు ధ్వని క్రమము తప్పి గరగరలాడుతుంది. 2010లో ఆయన, సహచరులు 102 సినిమాల ధ్వనులను పరిశీలించి, భయానక చిత్రములలో ఇటువంటి క్రమము తప్పిన అరుపులు ఎక్కువగా ఉన్నట్లు చూపినారు. 1960 నాటి హిచ్‌కాక్ చిత్రము 'సైకో' లో స్నానపుగది దృశ్యమునకు బెర్నార్డ్ హెర్‌మన్ వయొలిన్లతో కీచుమనిపించిన సంగీతము ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. హిచ్‌కాక్ మొదట ఆ దృశ్యమునకు సంగీతమే వద్దనుకొన్నాడట. విన్న తరువాత మనస్సు మార్చుకొన్నాడు.

వినబడని ధ్వని కథ కూడ ఒకటి ఉన్నది. మన చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ పౌనఃపున్యము వరకు వింటుంది. 20కి తక్కువైనవి పరశ్రావ్యములు. ఇంగ్లండులో విక్ టాండీ అను ఇంజనీరు తన ప్రయోగశాలలో ఒంటరిగా పనిచేయునప్పుడు చెమటలు పట్టి, ప్రక్కన బూడిదరంగు ఆకారము నిలిచినట్లు చూచినాడు. మరునాడు అదే గదిలో బిగించి ఉంచిన కత్తి దానంతట అది కంపించుట గమనించి కారణము వెదికినాడు. క్రొత్తగా అమర్చిన పంకా గదిలో సుమారు 19 హెర్ట్జ్ స్థిర తరంగమును పుట్టిస్తున్నది. పంకా బిగింపును మార్చగానే అంతా సర్దుకొన్నది. ఈ సంగతి 1998లో ప్రకటింపబడినది. అయితే ప్రతి దయ్యమునకు పరశ్రావ్యమే కారణమని తొందరపడరాదు. ఒక గదిలో జరిగిన ఒక సంఘటన సూత్రము కాజాలదు. టాండీ నుండి మనము నేర్చుకొనవలసినది 19 అను సంఖ్య కాదు, జడిసిన మరునాడు అదే గదిలోనికి కొలబద్దతో తిరిగి వెళ్ళిన పద్ధతి.

భయము ఇంటికి వచ్చినప్పుడు

భయపడుటకు డబ్బిచ్చి మరీ ఎందుకు వెళ్తారని పెద్దలు అడుగుతారు. డెన్మార్కులో పరిశోధకులు ఒక దయ్యాల ప్రదర్శనశాలకు వచ్చిన 110 మందికి గుండె వేగమును కొలిచే సాధనములు కట్టి, 2020లో ఫలితములు ప్రకటించినారు. భయము మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆనందము తగ్గినది. నడుమ ఒక పాలు ఉన్నది. అది ప్రమాదము లేని చోట ప్రమాదమును అభ్యసించుట వంటిది. కనుక పిల్లలను దయ్యాల సినిమాకు పోవద్దని కొట్టుట వలన లాభము లేదు.

చిక్కు మరొక చోట ఉన్నది. 'విరూపాక్ష' కథను చూడండి. క్షుద్రపూజలు చేస్తున్నారను అనుమానముతో ఊరివారు ఒక జంటను చంపుతారు. అది ఘోరమని చిత్రము చూపుతుంది. ఇంతవరకు మెచ్చదగినదే. కాని తరువాతి కథలో క్షుద్రవిద్య నిజముగా పనిచేసి మనుష్యులను చంపుతుంది. మూకహత్య తప్పని చెప్పిన నోటితోనే, ఆ మూక నమ్మినది నిజమేనని కూడ చెప్పినట్లయినది. 'ఆమె ఎవరు?' చూచి వచ్చినవాడు మోసగాని కొరకు వెదికేవాడు. 'జగన్మోహిని' చూచి వచ్చినవాడు కెమెరా కిటుకు కొరకు వెదికేవాడు. నేటి చిత్రము చూచి వచ్చిన కుర్రవాడు తన వీధిలో ఎవరి కొరకు వెదకాలి?

బంగళా దయ్యము మన ఊరిలో ఎవరినీ పోలి ఉండదు. చేతబడి చేసే మనిషి మాత్రము ఎవరినో ఒకరిని పోలి ఉంటాడు. తరచుగా ఒంటరి ముసలమ్మను, బీదవానిని పోలి ఉంటాడు. చేతబడి నెపముతో కొట్టిన, చంపిన వార్తలు మన రెండు రాష్ట్రముల పత్రికలలో నేటికీ వస్తున్నవి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇట్టి దురాచారములపై చట్టములు చేసినవి. మహారాష్ట్ర చట్టమునకై ఏండ్ల తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్ అదే ఏడు ఆగస్టు 20న హత్యకు గురియైనాడు. చేతబడులకు ఈ భయమును సినిమా పుట్టించలేదు. అది సినిమాకన్న పాతది. కాని చక్కని ధ్వనితో వచ్చిన కథ ఆలోచనకన్న ముందుగా లోనికి ప్రవేశిస్తుందని పైన చూచినాము. లోనికి వచ్చిన తరువాత దానిని ప్రశ్నించుట మన పని.

రేపు ఏమగును?

దారి కనబడుతూనే ఉన్నది. ధ్వని ఇంకను సూక్ష్మమగును. 2012లో వచ్చిన డాల్బీ ఆట్మాస్ పద్ధతిలో ఒక్కొక్క చప్పుడును హాలులో ఏ మూల నుండి వినిపించవలెనో వేర్వేరుగా నిర్ణయింపవచ్చును. తలపై నుండి కూడ వినిపింపవచ్చును. పల్లెల నమ్మకములు, గ్రామదేవతల కథలు ఇంకను తెరకెక్కును. ఇంటిలో ఒంటరిగా, చెవులకు పరికరము తగిలించుకొని చూచేవారు పెరుగుతారు. హాలులో పక్కవాడు నవ్వితే సగము భయము పోయేది. ఒంటరివానికి ఆ ఊరట లేదు. భయము గట్టిపడును, ప్రశ్నించే తోడు తగ్గును.

కనుక ఆ తోడు బడిలో దొరకవలెను. ఉపాధ్యాయ మిత్రులకు ఖర్చు లేని పనులు మూడు చెప్తాను. ఒకటి, భయానక దృశ్యము ఒకదానిని ముందు ధ్వని తీసివేసి, తరువాత తెరకు గుడ్డ కప్పి ధ్వనితో మాత్రమే, చివరకు రెండును కలిపి పిల్లలకు చూపండి. ఏది ఎక్కువ జడిపించినదో వారినే వ్రాయమనండి. రెండు, కిటికీ అద్దము ఒకదానిని నిటారుగా నిలిపి, ముందు వెలుగుతున్న కొవ్వొత్తిని, వెనుక అంతే దూరములో నీళ్ళ గ్లాసును ఉంచండి. గది చీకటి చేస్తే నీటిలో దీపము వెలుగుతుంది. ఇదే పెప్పర్ దయ్యము. మూడు, తడి వ్రేలితో గాజుగ్లాసు అంచును రాచి, సైకిలు బ్రేకును కీచుమనిపించి, పిల్లల చేతనే భయపు ధ్వనులు తయారుచేయించండి. భయమును తయారుచేసినవాడు దానిని ఆస్వాదింపగలడు, కాని దానికి బానిస కాడు.

మా వసారాలో ఈ మూడింటిని వీధి పిల్లలతో చేసి చూచినాను. ధ్వని లేని దృశ్యమునకు పకపక నవ్వినారు. గుడ్డ కప్పిన తెర ముందు ఒక్కడూ నవ్వలేదు. ఇది లెక్కలు కట్టిన పరిశోధన కాదు. కాని ఆ కుర్రవాని ప్రశ్నకు జవాబు వాని చెవికే తెలిసినది. నీటిలో దీపమును చూచుటకు వీధిలోని పెద్దలు కూడ వచ్చినారు. చీపుళ్ళ మామ్మ కూడ వచ్చినది. గ్లాసులో వ్రేలు పెట్టి చూచి, "ఏదీ, చల్లగానే ఉందిగా!" అని నవ్వినది. పిల్లలు ఆమె చుట్టూ మూగి తామూ వ్రేళ్ళు పెట్టినారు.

మరునాడు రెండిండ్లవారు ఆమె వద్ద చీపుళ్ళు కొన్నారు. అందరూ కాదు. మిగిలిన ఇండ్లకు ఇంకొక సాయంకాలము, ఇంకొక కొవ్వొత్తి కావలెను.